ఫ్లీట్ ఏరు ఎటు పోయింది?

లండన్‌లో పత్రికల వీధిగా పేరుపడ్డ ఫ్లీట్ స్ట్రీట్ తూర్పు కొసన లడ్‌గేట్ సర్కస్ అనే కూడలి ఉంది. అటు నుంచీ ఇటు నుంచీ రోడ్డు ఆ కూడలిలోకే దిగుతుంది. ఆ పల్లం ఫ్లీట్ ఏటి లోయ. ఏరు ఎండిపోలేదు, రోడ్డు కింద ఇటుక సొరంగంలో పారుతోంది.

దాని పుట్టుక ఉత్తరాన హ్యాంప్‌స్టెడ్ హీత్ గుట్టల్లో. అక్కడ పైన ఇసుక, కింద బంకమట్టి. ఇసుకలో ఇంకిన వాన బంకమట్టిని దాటలేక పక్కలకు ఊటలై వస్తుంది. హ్యాంప్‌స్టెడ్, హైగేట్ చెరువుల వైపు నుంచి దిగిన రెండు పాయలు కామ్డెన్ ప్రాంతంలో కలిసి, కింగ్స్ క్రాస్, ఫారింగ్డన్ మీదుగా వచ్చి బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద థేమ్స్‌లో పడేవి.

ఏటిని చంపింది ఒడ్డునున్న వృత్తుల చెత్త: తోళ్లు ఊనే వాళ్లదీ, స్మిత్‌ఫీల్డ్ కసాయి వాళ్లదీ. 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దీని దిగువ భాగాన్ని వెడల్పాటి పడవల కాలువగా మార్చారు. 1674కల్లా పని పూర్తయింది. కానీ ఒండ్రూ చెత్తా మళ్లీ పేరుకున్నాయి, పూడిక తీయించే ఖర్చు పడవల రాబడికి మించింది. 1730లలో హోల్‌బర్న్ నుంచి ఫ్లీట్ స్ట్రీట్ వరకు కప్పేసి పైన మార్కెట్ పెట్టారు. 1760లలో థేమ్స్ దాకా మిగిలిన ముక్కా మూతపడింది.

మూత వేసినంత మాత్రాన వాలు మారదు. 1862 జూన్‌లో, అప్పటికి మురుగు సొరంగంగా మారిన ఫ్లీట్ బద్దలై, అదే లోయలో తవ్వుతున్న మెట్రోపాలిటన్ భూగర్భ రైలుమార్గాన్ని ముంచేసింది.

ఆ కాలంలోనే ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ పడమర నుంచి తూర్పుకు అడ్డంగా పెద్ద మురుగు సొరంగాలు వేయించాడు. మామూలు రోజుల్లో ఫ్లీట్ నీరు వాటిలోకి మళ్లి ఊరి తూర్పుకు పోతుంది. చిక్కల్లా వానతోనే. వాననీరు, మురుగు ఒకే గొట్టంలో నడుస్తాయి; అది నిండితే మిగులు థేమ్స్‌లోకి పొర్లుతుంది. ఇప్పుడు ఆ మిగులును బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర పట్టి టైడ్‌వే అనే కొత్త మురుగు సొరంగంలోకి దించుతున్నారు. దాని పొడవు 25 కిలోమీటర్లు, వ్యాసం గరిష్ఠంగా 7.2 మీటర్లు. 2025లో అది పూర్తిగా పనిలోకి వచ్చింది.

ఏటి జాడ పట్టాలంటే హోల్‌బర్న్ వయాడక్ట్ మీద నుంచి కిందికి చూడండి. ఆ వంతెన దాటుతున్నది ఫ్లీట్ లోయనే. క్లర్కెన్‌వెల్‌లోని రే స్ట్రీట్‌లో రోడ్డు మీది ఇనప జాలీ దగ్గర చెవి పెడితే నీటి హోరు వినిపిస్తుంది. ట్రాఫిక్ లేని పూట వెళ్లాలి.

టైడ్‌వే థేమ్స్‌కు చేసిన మేలు పెద్దది, ఫ్లీట్‌కు మాత్రం ఏమీ చేయలేదు. హ్యాంప్‌స్టెడ్ చెరువుల నుంచి పొర్లే మంచినీరు ఇప్పటికీ మురుగులో కలిసే శుద్ధి కేంద్రానికి చేరుతోంది.