‘సీద్’ అంటే అరవడం కాదు: అనువాదకుడి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ కథలు తెలుగులోకి తెచ్చే పనిలో నన్ను పదేపదే ఇరుకున పెట్టే మాట ఇది. స్పెల్లింగ్ ఎస్-ఈ-ఈ-టి-హెచ్-ఈ. చూడ్డానికి చిన్నదే, ఇబ్బందే పెద్దది.

అపోహ: దాన్ని ‘సీథ్’ అని పలకాలి.
వాస్తవం: కాదు. ఊపిరి పీల్చు అనే అర్థంలో ‘బ్రీద్’ అంటాం కదా, దానికి ప్రాస కుదిరేలా ‘సీద్’.

అపోహ: కోపంతో ఊగిపోతూ కేకలేయడమే సీదింగ్.
వాస్తవం: కేకలేస్తే ఆ కోపం బయటపడిపోయినట్టే. ‘హి సెడ్ నథింగ్, బట్ హి వాజ్ సీదింగ్’ అన్న వాక్యం చూడండి. నోరు మూతపడే ఉంది, లోపల మాత్రం కుతకుతలాడుతోంది. ముఖం ఎర్రబడటం, దవడ బిగుసుకోవడం లాంటివి ఎదుటివాళ్లకు కనిపించొచ్చు. కోపం దాచుకున్నాడని కాదు, అణుచుకున్నాడని. అందుకే ‘మండిపడ్డాడు’ అని రాస్తే తప్పవుతుంది. తెలుగులో మండిపడటమంటే ఎదుటివాడికి నాలుగు మాటలు తగలాల్సిందే.

అపోహ: ఇది కోపానికే పుట్టిన మాట.
వాస్తవం: పుట్టింది పొయ్యి మీద! పాత ఇంగ్లిష్‌లో దీని అర్థం ఉడకడం, ఉడికించడం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో మేకపిల్లను తల్లిపాలలో ఉడికించవద్దన్న చోట ఉన్న క్రియ ఇదే. అప్పట్లో దీని భూతకాల రూపం ‘సాడ్’ (ఎస్-ఓ-డి). అదే బైబిల్‌లో యాకోబు కూర వండిన చోట ఆ రూపమే కనిపిస్తుంది. ఇప్పుడు తడిసి ముద్దయిందనడానికి వాడే ‘సాడెన్’ కూడా ఒకప్పుడు ‘ఉడికిన’ అనే రూపమే. కోపం అర్థం తర్వాత వచ్చి చేరింది. తెలుగులోనూ కోపం వస్తే ‘ఉడికిపోయాడు’ అంటాం. రెండు భాషలూ ఒకే గిన్నెలోకి తొంగిచూశాయన్నమాట.

అలాగని ‘ఉడుక్కున్నాడు’ అని రాసేయకండి. ఆటపట్టిస్తే ఉడుక్కోవడం వేరు, అవమానాన్ని మింగుతూ ఉడికిపోవడం వేరు. ఒక్క ‘క్కు’తో పెద్దమనిషి కాస్తా ఉడుకుమోతు పిల్లాడైపోతాడు. నా రాతప్రతుల్లో నేను అందరికన్నా ఎక్కువసార్లు దిద్దుకున్న తప్పు ఇది.

అపోహ: ‘సీదింగ్ క్రౌడ్’ అంటే ఆగ్రహంతో రగిలే జనం.
వాస్తవం: కావొచ్చు, కాకపోవచ్చు. మరిగే నీటిలా కదిలే గుంపునీ అలాగే అంటారు. పుట్ట పగిలి చీమలొచ్చినట్టు జనం అటూఇటూ తిరుగుతున్నారని మాత్రమే ఉన్నచోట లేని కోపాన్ని అంటగడితే, సంతను కాస్తా అల్లరిమూకను చేసినట్టే.

అపోహ: ‘స్మోల్డర్’ అన్నా ఇదే.
వాస్తవం: దగ్గరి చుట్టమే, కానీ అది నిప్పు, ఇది నీళ్లు. మంట లేకుండా పొగతో కాలడం స్మోల్డర్. మన నివురుగప్పిన నిప్పు. అది ఏళ్ల తరబడి ఉండొచ్చు. సీద్‌లో అప్పటికప్పుడు మరిగే వేడి ఎక్కువ. ఇంకో తిరకాసూ ఉంది. ‘స్మోల్డరింగ్ ఐజ్’ కోపపు కళ్లు కావచ్చు, కోరిక అణుచుకున్న కళ్లూ కావచ్చు. ప్రేమ సన్నివేశంలో నేనొకసారి ‘పగతో రగిలే కళ్లు’ అని రాసిపెట్టాను. సంపాదకుడు నవ్వి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

అపోహ: సీద్‌కి తెలుగులో ‘కుమిలిపోయాడు’ అంటే సరిపోతుంది.
వాస్తవం: నిప్పుకైతే సరే. మనిషి కుమిలాడంటే పాఠకుడికి తట్టేది దుఃఖం. లోలోపల రగిలిపోయాడు, పళ్లు నూరుకున్నాడు, కోపం దిగమింగుకున్నాడు: సందర్భాన్ని బట్టి వీటిలో ఒకటి.

వ్యాకరణం సంగతి కొంచెం. ఈ అర్థంలో దీనికి కర్మ ఉండదు. ఒకణ్ణి ‘సీద్’ చేయలేం. భావోద్వేగం చెప్పాలంటే ‘విత్’: సీదింగ్ విత్ రేజ్. కారణానికి ‘ఎట్’: సీదింగ్ ఎట్ ది ఇన్సల్ట్.