తెరచాపల పందెం లీగ్‌గా మారిన కథ

జులైలో గాలి బాగా వీచే రోజుల్లో ట్యాంక్‌బండ్ మీద నిలబడితే హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి తెరచాపలు కనిపిస్తాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ కావచ్చు, మాన్‌సూన్ రెగట్టా (పడవ పందేల పోటీ) కావచ్చు. జనం ఆగుతారు, ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఎవరు ముందున్నారో ఒడ్డు నుంచి తెలియదు. గాలికి ఎదురుగా ఏ పడవా నేరుగా పోలేదు. ఒకటి ఎడమకు, ఇంకొకటి కుడికి ఏటవాలుగా వెళ్తూనే ఒకే గుర్తు దగ్గరికి చేరుతుంటాయి. ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోతే చూసేవాళ్లకు అది పందెంలాగే ఉండదు. తెరచాప పడవల పందెంలో డబ్బు నిలవదు, దాన్ని మార్చాలని చూసిన లీగే సెయిల్‌జీపీ. డబ్బు నిలవకపోవడానికి మొదటి కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో కారణం పాతది. 1851లో మొదలైన తెరచాప పడవల పోటీ అమెరికాస్ కప్‌ను న్యూయార్క్ యాట్ క్లబ్ 1983 దాకా, అంటే 132 ఏళ్లు, తన దగ్గరే ఉంచుకుంది. కప్పు ఎవరి చేతిలో ఉంటే తర్వాతి పోటీ ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి పడవలతో అన్న విషయంలో వాళ్ల మాటే ఎక్కువ చెల్లుతుంది. తరచూ కొత్త పడవలు, కొత్త ఊళ్లు, మధ్యలో ఏళ్ల విరామం. వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని ఆటకు స్పాన్సర్ దొరకడం కష్టం. అందుకే చాలావరకు కుబేరుల జేబులే దాన్ని నడిపాయి.

వాళ్లలో ఒకరు ఒరాకిల్ సంస్థను స్థాపించిన లారీ ఎలిసన్. ఆయన జట్టు 2010లో కప్పు గెలిచింది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 8-1తో వెనకబడి, చివరికి 9-8తో నిలబెట్టుకుంది. ఆ గెలుపు కంటే నాకు ముఖ్యంగా తోచేది అప్పటి టీవీ ప్రసారం. నీళ్ల మీద గీతలు గీసి, ఎవరు ఎన్ని మీటర్లు ముందున్నారో మామూలు మనిషికి అర్థమయ్యేలా చూపించారు. 2017లో బెర్ముడాలో కప్పు న్యూజిలాండ్‌కు పోయింది. వాళ్లు రెండు దోనెల పడవలు వదిలేసి ఒంటి దోనె పడవలకు మారారు. దాంతో ఎలిసన్ 2018లో న్యూజిలాండ్ నావికుడు రస్సెల్ కౌట్స్‌తో కలిసి సొంత లీగ్, సెయిల్‌జీపీ, ప్రకటించారు. బెర్ముడాలో నడిచిన పడవల తీరునే సవరించి ఎఫ్50 అన్నారు.

2019 ఫిబ్రవరిలో సిడ్నీలో ఆరు జట్లతో మొదలైంది. అందరికీ ఒకే రకం పడవ. ఒక జట్టు డేటా మిగతా జట్లూ చూడొచ్చు. ఒడ్డుకు దగ్గర్లో చిన్న చిన్న రేసులు, ముందే తెలిసిన క్యాలెండర్. నీళ్ల మీద గంటకు 100 కిలోమీటర్ల దాకా వేగం. 2025 సీజన్‌కు జట్లు 12 అయ్యాయి, కానీ మొదటి సీజన్‌లోని చైనా, జపాన్ వాటిలో లేవు. ఒకే పడవ అన్న పద్ధతిలో చిక్కూ ఉంది. 2025లో ఆస్ట్రేలియా పడవకు తెరచాప బదులుండే గట్టి రెక్క విరిగాక మిగతా రెక్కల మీదా అనుమానం వచ్చి, రియోలో జరగాల్సిన పోటీ రద్దయింది.

వ్యాపారం అసలు కిటుకు జట్లను అమ్మడంలో ఉంది. మొదట్లో చాలా జట్ల ఖర్చు లీగే భరించింది. 2023లో అమెరికా జట్టును బయటి పెట్టుబడిదారులు కొన్నారు. 2025లో ఆస్ట్రేలియా జట్టులోకి హాలీవుడ్ నటులు హ్యూ జాక్‌మన్, ర్యాన్ రెనాల్డ్స్ వచ్చారు. యజమానులు పెరిగితే లీగ్ ఒక్క మనిషి మీద ఆధారపడదు.

హైదరాబాద్‌కు ఈ లెక్క బాగా తెలుసు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో పోయింది, దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది. ఐపీఎల్‌కు టీవీ డబ్బు ఉంది కాబట్టే జట్టు పోయినా లీగ్‌కు ఏమీ కాలేదు. హైదరాబాద్ హంటర్స్ ఆడిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ 2020తో ఆగిపోయింది. మరి కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ? 2023 ఫిబ్రవరిలో సాగర్ ఒడ్డునే జరిగింది. ఆతిథ్య ఒప్పందం ముందుకు సాగక మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఆతిథ్య నగరాలిచ్చే డబ్బు సెయిల్‌జీపీకీ ముఖ్యమే. అందుకే దాని భవిష్యత్తు గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ రేసునే గుర్తు చేస్తాను.

2025 నాటి 12 జట్లలో భారత్ లేదు. మన చెరువులో నేర్చుకుంటున్న పిల్లలకు ఆ ఎఫ్50లు ఇంకా దూరమే. ఈలోగా వచ్చే రెగట్టాకు ట్యాంక్‌బండ్ మీద ఒక మైకు పెట్టి, ఏ పడవ ఎందుకు పక్కకు తిరిగిందో తెలుగులో చెప్పే మనిషి ఒకరుంటే, ఫొటో తీసుకున్నవాళ్లలో కొందరైనా రేసు అయ్యేదాకా ఉంటారు.