గోడ మీద తాబేలు

చిరంజీవులు చిన్నీకి, బాబీకి తాతయ్య దీవెనలు.

ఆదివారం బీచ్ రోడ్డులో సైకిళ్ళు తొక్కి వచ్చాక బాబీ ఫోన్లో అడిగాడు: "తాతయ్యా, గోడ మీద తాబేలు మన మేడంత ఉంది. వేసేవాళ్ళు గోడకి అతుక్కునే నిలబడతారు కదా, మరి వాళ్ళకి మొత్తం తాబేలు ఎలా కనిపిస్తుంది?"

కనిపించదు నాన్నా.

ధనుర్మాసంలో మామ్మ ముగ్గు గుర్తుందా? 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. వంగి వేస్తుంటే ఆవిడకి చేతి కిందున్న నాలుగు చుక్కలే కనిపిస్తాయి. అయినా నెమలి మెడ ఏ వరసలో ఎన్నో చుక్క దగ్గర తిరగాలో తెలుసు కనక తప్పు పోదు. గోడకీ అంతే. ముందు కాగితం మీద చిన్న తాబేలు వేసి, దాని మీద గళ్ళు గీస్తారు. గోడ మీదా అన్నే గళ్ళు, కాకపోతే పెద్దవి. అంగుళం గడి అడుగు గడి అయితే తాబేలు 12 రెట్లు పొడుగవుతుంది. తాడుకి సుద్దపొడి పట్టించి, రెండు కొసలూ బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే టప్పున గీత పడుతుంది. అదే వాళ్ళ ముగ్గుపిండి. ఇప్పటి కుర్రాళ్ళు కొందరు గళ్ళు కూడా గియ్యరు. గోడంతా పిచ్చిగీతలు, సున్నాలు గీసి ఫోటో తీస్తారు. ఫోన్లో ఆ ఫోటో మీద బొమ్మని పరిచి, ముక్కు ఏ సున్నా పక్కన వచ్చిందో చూసుకుని అక్కడే వేస్తారు. అవీ చుక్కలే.

వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లినట్టే గోడని గీకి, కడిగి, ప్రైమర్ అనే అడుగు పూత వేస్తారు. ముగ్గుని చీమలు తింటాయి, గోడని సముద్రం తింటుంది. ఉప్పుతేమ లోపలికి దిగుతుంది. ఎండకి నీరు పోయి, ఉప్పు పలుకులు కట్టి, రంగుని వెనకనుంచి నెడుతుంది. చిన్నీ చూసిన పెచ్చులు అవే.

నా పదో ఏట సినిమా హాలు వెనక షెడ్డులో ఒకాయన బ్యానర్లు వేసేవాడు. ఒకరోజు హీరో చెంప వేస్తున్నాడు. నా కంటికి పసుపు, ఊదా, ఆకుపచ్చ పట్టీలే. "చెంప మీద ఆకుపచ్చేంటండీ?" అన్నాను. ఆయనేమీ చెప్పకుండా నా భుజం పట్టుకుని రోడ్డు అవతల నిలబెట్టాడు. అక్కడినుంచి చూస్తే ఆ ఆకుపచ్చ గడ్డం కింద నీడ! బడికి ఆలస్యమై దెబ్బలు తిన్నాను గానీ, ఆ నీడని ఇప్పటికీ మరిచిపోలేదు.

బొమ్మల మీద తాళంచెవితో పేర్లు గీకేవాళ్ళని చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. ఎవరో పరంజా మీద ఎండలో నిలబడి వేసిన బొమ్మలమ్మా అవి. సైకిలు కూడా ఆనించకండి.

అన్నట్టు, అసలు తాబేళ్ళూ మన ఇసుకలోకి వస్తాయి. ఆలివ్ రిడ్లీలు చలికాలం రాత్రుల్లో వచ్చి, గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పిల్ల తాబేలు మీ అరచేతిలో పడుతుంది.

ఈసారి తెల్లవారుజామునే వెళ్ళండి. అప్పుడు బళ్ళు ఆపేస్తారు కనక వెనక్కి నడవడానికి రోడ్డు ఖాళీగా ఉంటుంది. సూర్యుడు సముద్రంలోంచి లేచి, అటు తిరిగిన గోడల మీద నేరుగా పడతాడు. ముక్కు గోడకి తగిలేంత దగ్గర నిలబడండి. పట్టీలే కనిపిస్తాయి. చిన్నీ, తమ్ముడి చెయ్యి పట్టుకో. ఒక్కో అడుగే వెనక్కి వెయ్యండి. ఎన్నో అడుగు దగ్గర తాబేలు వచ్చిందో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య