షుగర్ నంబరు బాగుంటే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే "పరగడుపున 118 అండీ, బాగుంది కదా?" అంటారు. బాగుంది. మరి బీపీ ఎంత, చెడు కొలెస్ట్రాల్ ఎంత అని అడిగితే మాత్రం పక్కనున్న భార్య వైపు చూస్తారు.

అపోహ: షుగర్ అదుపులో ఉంటే గుండెకు ఢోకా లేదు.

వాస్తవం: షుగర్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకన్నా సుమారు రెండింతలు. రక్తనాళాలను పాడుచేసే పనిలో గ్లూకోజుకు బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), పొగాకు, పొట్ట చుట్టూ కొవ్వు తోడవుతాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం లోపు ఉండాలి. పెద్దవయసులో తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు కాస్త ఎక్కువున్నా ఒప్పుకుంటాం. బీపీ 130/80 లోపు, ఎల్‌డీఎల్ 70 లోపు ఉండేలా చూస్తాం. "కొలెస్ట్రాల్ నార్మలే వచ్చిందిగా" అని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల మానేసేవాళ్లు ఎక్కువ. రిపోర్టులో ఆ నార్మల్ అందరికీ కలిపి గీసిన గీత. 40 దాటిన షుగర్ పేషెంట్లకు ఆ గీత చాలదు.

అపోహ: రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటే షుగరూ, బరువూ తగ్గుతాయి.

వాస్తవం: మా ఊళ్లో అందరూ నమ్మే మాట ఇదే. రెండు మామూలు చపాతీల్లో ఉండే పిండిపదార్థం ఇంచుమించు కప్పు అన్నంలో ఉన్నంతే. నాలుగు చపాతీలు నూనె వేసి కాల్చి, బంగాళాదుంప కుర్మాతో తింటే అన్నం తిన్నదానికంటే ఎక్కువే అవుతుంది. అన్నమే తినండి, కప్పు కొలిచి పెట్టుకోండి. మిగతా కంచం దొండకాయ, బీరకాయ, తోటకూరలతో, పప్పుతో, గుడ్డుతోనో చేపతోనో నింపండి. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తింటే షుగర్ అంతగా ఎగబాకదు. రాగి జావ "షుగర్ వాళ్ల తిండి" కదా అని పెద్ద గ్లాసుతో తాగేవాళ్లున్నారు. పిండి ఉడికించి పలచగా చేస్తే తొందరగా అరుగుతుంది, షుగరూ తొందరగానే పెరుగుతుంది. బెల్లం, తేనె సంగతి వేరే చెప్పక్కర్లేదు, అవీ చక్కెరే. ఆవకాయతో వచ్చే ఇబ్బంది ఉప్పు. అన్నిట్లో కలిపి రోజుకు 5 గ్రాములు మించకూడదు కాబట్టి ఒక ముక్కతో ఆగడం మంచిది.

అపోహ: నేను సన్నగానే ఉన్నాను, నాకు బరువు సమస్య లేదు.

వాస్తవం: కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ముందుకు రావడం మనవాళ్లలో మామూలే. టేపుతో నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ రెండూ దిగుతాయి.

అపోహ: షుగర్ బిళ్లలు వేసుకుంటే కిడ్నీలు పోతాయి.

వాస్తవం: కిడ్నీలను తినేసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్, బీపీ. గుండెనూ కిడ్నీలనూ కాపాడే ఎస్‌జీఎల్‌టీ2 రకం షుగర్ మందులు ఇప్పుడున్నాయి, వాటితో బరువూ కొంత తగ్గుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ల లాంటివి బరువు పెంచవచ్చు. ఆ టెన్షన్‌తో సొంతంగా మానేయకండి, మీ డాక్టరునే అడగండి.

అపోహ: గుండెపోటైతే నొప్పి తెలియకుండా ఉండదు.

వాస్తవం: ఒక్కోసారి తెలియకుండానే రావచ్చు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, వాంతి, దవడలో లాగినట్టు ఉంటే "గ్యాస్" అని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

కార్తీక సోమవారాలు దగ్గర పడితే ఉపవాసాల గురించి అడుగుతారు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ గానీ వాడుతూ ఏమీ తినకుండా ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసం ఉండాలనుకుంటే వారం ముందే వచ్చి డోసు మార్పించుకోండి. ఆ రోజు వణుకు, చెమట, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, ఉపవాసం అక్కడితో విరమించండి.