క ఎందుకు గ అవుతుంది?

పిల్లలూ,

పూచెను + కలువలు = పూచెనుగలువలు. క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారే సరళాదేశ సంధికి ఈ ఉదాహరణ మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. క కాస్తా గ అయింది సరే, బ ఎందుకు కాలేదు? జవాబు మీ మెడ మీద చెయ్యి పెడితే దొరుకుతుంది.

గుటక వేస్తే పైకి లేచి దిగే గట్టి భాగం ఉంది చూడండి, అక్కడ రెండు వేళ్లు ఆనించి 'స్‌స్‌స్' అని సాగదీయండి. వేళ్లకు ఏమీ తెలియదు. ఇప్పుడు 'మ్‌మ్‌మ్' అనండి. లోపల తుమ్మెద దూరినట్టు అదురుతుంది. అది స్వరపేటిక. అందులో రెండు మెత్తటి మడతలుంటాయి, వాటినే స్వరతంత్రులంటారు. పేరు చూసి వీణ తీగలనుకోకండి, అవి పెదవుల్లాంటివి. ఊపిరి పీల్చేటప్పుడు విడిపోతాయి, మాట్లాడేటప్పుడు దగ్గరికొస్తాయి. కింది నుంచి వచ్చే గాలి నెడితే తెరుచుకుంటాయి, వెంటనే మూసుకుంటాయి. ఇలా మగవాళ్లలో సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు, చిన్నపిల్లల్లో 250కి పైగా జరుగుతుంది.

ఇక క, గ. రెండింటికీ నాలుక వెనక భాగం లేచి మెత్తటి అంగిలిని తాకుతుంది, గాలిని ఆపి వదులుతుంది. నాలుక చేసే పని ఒకటే. క అన్నప్పుడు తంత్రులు అదరవు, గ అన్నప్పుడు అదురుతాయి. చ-జ, ట-డ, త-ద, ప-బ జంటలన్నిటిలోనూ తేడా ఇదే. అదరనివి పరుషాలు, అదిరేవి సరళాలు అని మన వ్యాకరణం విడదీసింది ఈ తేడానే. 'పూచెను'లో చివరి నకారానికీ ఉకారానికీ గొంతు అదురుతోంది. క తర్వాతి అకారానికీ అదరాలి. నడుమ ఒక్క క కోసం ఆపి మళ్లీ మొదలుపెట్టడం కన్నా అదరనిస్తూ పోవడమే నోటికి సులువు. నాలుక తాకే చోటు మారలేదు కాబట్టి గ వచ్చింది. బ రావాలంటే పెదవులు మూయాలి.

ముక్కు గట్టిగా మూసుకుని 'మామ' అనండి. 'బాబ'లా వినిపిస్తుంది. మ, బ రెండూ పెదవుల దగ్గరే పుడతాయి. మ పలికేటప్పుడు మాత్రం కొండనాలుక ఉన్న మెత్తటి అంగిలి కిందికి దిగి, గాలిని ముక్కులోకి వదులుతుంది. జలుబు చేసినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది, అందుకే మాట మారుతుంది.

'కల', 'కళ' ఒకేలా పలుకుతున్నారా? ల అనేటప్పుడు నాలుక కొస పై పళ్ల వెనక తాకుతుంది. ళ అనాలంటే కొసను వెనక్కి మడిచి అంగిలికి తాకించాలి. అద్దం ముందు నోరు కాస్త తెరిచి పలకండి, నాలుక అడుగుభాగం కనిపిస్తే సరిగ్గా మడిచినట్టే.

పాటలో సాగేవి ఎక్కువగా అచ్చులే. 'క్' అని ఎంతసేపు సాగదీసినా రాగం రాదు. 5 శ్రుతిలో, అంటే హార్మోనియం ఐదో తెల్లమెట్టును స గా పెట్టుకుని పాడితే, స దగ్గర తంత్రులు సెకనుకు సుమారు 196 సార్లు అదురుతాయి. ప దగ్గర దానికి ఒకటిన్నర రెట్లు, 294. పై స దగ్గర సరిగ్గా రెట్టింపు, 392. పైకి వెళ్లే కొద్దీ తంత్రులు సాగి పలచబడాలి. గడ్డం ఎత్తి గాలి బలంగా తోస్తే అవి ఒకదానికొకటి కొట్టుకుని ఒరుసుకుపోతాయి, గొంతు బొంగురుపోతుంది. రోజూ అరిచేవాళ్లకు అక్కడ చిన్న కాయల్లాంటివి కడతాయి. దానికి బదులు 'స్' అని ఒకే బలంతో 15 సెకన్లు వదలడం అలవాటు చేసుకోండి. చివర్లో వణికితే మొదట్లో గాలి ఎక్కువ వదిలేశారన్నమాట.

తాగిన నీళ్లు తంత్రుల మీద పడవు. పడబోతే పొలమారుతుంది, ఎవరూ తలుచుకోకపోయినా సరే. అయినా నీళ్లు తాగాలి. ఒంట్లో తడి తగ్గితే తంత్రుల పైపొర జిగట పడుతుంది.

మగపిల్లలకు 12-15 ఏళ్ల మధ్య తంత్రులు పొడవై, మందమై, గొంతు సుమారు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా ఉన్నంత, కిందికి దిగుతుంది. ఆ నెలల్లో పాత శ్రుతిలో బలవంతంగా పాడకండి, రెండు మూడు మెట్లు దించుకోండి. ఏ వయసులోనైనా బొంగురు మూడు వారాలు దాటితే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించండి.

మీ
తాతయ్య