ముట్లుడిగే వయసు, పద్దెనిమిదో ఏటి బరువు

నలభై మూడేళ్లకే ముట్లు ఉడిగాయంటే నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఒంట్లో వేడనో, కాన్పులెక్కువయ్యాయనో అంటారు. బరువు సంగతి ఎవరికీ తట్టదు. తట్టినా ఇవాళ కాటా చూపించే అంకె గురించే అడుగుతారు. పద్దెనిమిదేళ్లప్పటి అంకె కూడా అడగాలి.

అమెరికాలో దాదాపు 79 వేల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2017లో వెల్లడించిన ఫలితాలివి. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే కొలత) 18.5 లోపున్నవారికి 45 ఏళ్లలోపే ముట్లు ఆగే అవకాశం సుమారు 30 శాతం ఎక్కువ. పద్దెనిమిదేళ్లకే అది 17.5 లోపుంటే 50 శాతం ఎక్కువ. అంటే నూటికి యాభై మందికి ఆగిపోతాయని కాదు. మామూలుగా పదిమందికి జరిగేది పదిహేను మందికి జరుగుతుందని. మనకు అర్థమయ్యే కొలతలో చెప్పాలంటే, 150 సెంటీమీటర్ల పొడవున్న అమ్మాయికి 17.5 అంటే 39 కిలోలు, 18.5 అంటే 41న్నర కిలోలు. ఇంటర్ చదివే బక్కపల్చటి పిల్లల్లో ఈ బరువు అరుదేం కాదు. దాన్ని 'నాజూకు' అని మురిసిపోతాం కూడా.

కొవ్వుకీ అండాశయానికీ లంకె ఏమిటి? కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకు అదే చెబుతుంది. నిల్వ తక్కువైతే అండాశయాన్ని నడిపే సంకేతాలు మందగిస్తాయి, నెలసరి తప్పుతుంది. కొవ్వులోనే అరోమటేజ్ అనే ఎంజైమ్ కొన్ని హార్మోన్లను ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. లావుగా ఉన్నవారిలో ముట్లు కాస్త ఆలస్యంగా ఆగడానికి ఇదొక కారణం కావచ్చు. అలాగని బరువే అంతా నిర్ణయించదు. తల్లికి ఏ వయసులో ఆగాయన్నది పెద్ద సూచన. పొగ తాగితే ముట్లు ఏడాది, రెండేళ్లు ముందే ఆగుతాయి.

లావైతే ముట్లు ఆలస్యంగా ఆగుతాయి కదా, మంచిదేగా అనుకోకూడదు. ఎముకలకు మేలే. కానీ అండం విడుదల కాని నెలల్లో ఆ పెరుగుదలకు కళ్లెం వేసే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉండదు, కొవ్వు నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది. ఆ పొర క్యాన్సర్ లావుపాటి ఆడవాళ్లలో ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

ఆంధ్రలో ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద 3 శాతమే. సంచి తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు ఆగవు. అయితే అవి కూడా కొన్నేళ్లు ముందే తగ్గిపోవచ్చు. బహిష్టు లేదు కాబట్టి అది ఎప్పుడు జరిగిందో తెలియదు. అందుకే ఆపరేషన్ కాగితంలో 'అండాశయాలు ఉంచారా, తీశారా' అన్న ఒక్క వాక్యం దాచుకోవాలి.

బరువు తక్కువున్న పిల్లకు నెలకు కిలో చొప్పున పెరిగితే చాలు. రోజూ వాడుక తిండికి తోడు గుప్పెడు వేరుసెనగలు (30 గ్రాములు, సుమారు 170 కేలరీలు), ఓ ఉడికించిన గుడ్డు (70), గ్లాసు పాలు చేర్చాలి. చేపల పులుసు ఉన్న రోజు గుడ్డు మానినా నష్టం లేదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ముందు మానాలి. నెలసరి వరసగా మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించాలి.

నడివయసు వారికి: ఏడాది పాటు పూర్తిగా ఆగితేనే ముట్లుడిగినట్టు. నలభైలోపే ఆగితే ఎముకల కోసమైనా చికిత్స అవసరం. ఏడాది దాటాక మళ్లీ చుక్క కనిపించినా 'తిరిగి వచ్చాయిలే' అని ఊరుకోకూడదు, స్కానింగ్‌లో గర్భసంచి పొర మందం కొలిపించుకోవాలి.