గ్రీక్ యోగర్ట్ కొంటున్నారా? కప్పు వెనక్కి తిప్పి చదవండి: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో గ్రీక్ యోగర్ట్ (తేట వడకట్టిన చిక్కటి పెరుగు) సంగతి అడగనివాళ్లు తక్కువ, ముఖ్యంగా జిమ్‌కి వెళ్లే పిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు. ఎంవీపీ కాలనీలో చూసినా మధురవాడలో చూసినా సూపర్ మార్కెట్ ఫ్రిజ్ నిండా ఆ కప్పులే. అందరూ ముందువైపు పెద్ద అక్షరాలు చూసి బుట్టలో వేసుకుంటున్నారు, అసలు సంగతంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటోంది.

అపోహ: ‘గ్రీక్’ అని రాసి ఉంటే ప్రోటీన్ ఎక్కువున్నట్టే.

వాస్తవం: పెరుగులోంచి తేట వడకట్టేస్తే ప్రోటీన్ శాతం పెరుగుతుంది. మామూలు పెరుగులో 100 గ్రాములకి 3-4 గ్రాముల ప్రోటీన్ ఉంటే, బాగా వడకట్టినదాంట్లో 8 నుంచి 10 గ్రాముల దాకా ఉంటుంది. అయితే సరిగా వడకట్టకుండా స్టార్చ్, గమ్ వేసి చిక్కగా చేసినవి కూడా ఉంటాయి, తింటే తేడా తెలియదు. ఇంగ్రీడియంట్స్ లిస్టులో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి, ఇది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన. పాలు, కల్చర్ (తోడు), అంతే ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. లిస్టులో 1442 అనే కోడ్ నంబరు కనిపిస్తే అది మోడిఫైడ్ స్టార్చ్, 440 పెక్టిన్, 412 గ్వార్ గమ్. ఇవి విషాలేం కావు, అనుమతి ఉన్నవే, టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే ఆ చిక్కదనం మొత్తం పాలది కాదని అర్థం. అలాంటప్పుడు ప్రోటీన్ అంకె ఎంతుందో చూశాకే డబ్బు పెట్టండి.

ఆ అంకె కూడా 100 గ్రాములకా, కప్పుకా అన్నది చూసుకోండి. రెండు కంపెనీలవి పోల్చేటప్పుడు 100 గ్రాముల లెక్కే న్యాయమైన లెక్క.

అపోహ: పండు రుచిది తింటే పండు తిన్నట్టే, పిల్లలకి మంచిది.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించేది ఇదే. బ్లూబెర్రీ కప్పు ఒకటి తీసుకుని చూడండి. లిస్టులో ‘ఫ్రూట్ ప్రిపరేషన్’ అని ఉంటుంది, పక్కన బ్రాకెట్లో పండుతో పాటు చక్కెర కూడా ఉంటుంది, విడిగా ఇంకోచోట మళ్లీ చక్కెర. కింద పట్టికలో టోటల్ షుగర్స్ 14, యాడెడ్ షుగర్స్ 10 అని ఉందనుకోండి. ఆ మిగతా 4 ఎక్కువగా పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర, కొంత పండుది, దాని గురించి బెంగ వద్దు. ఆ 10 మాత్రం బయటి నుంచి కలిపింది, అంటే రెండున్నర టీస్పూన్ల చక్కెర. తేనె, బెల్లం, ఖర్జూరం సిరప్ అని రాసినా శరీరానికి అదీ చక్కెరే. ‘నో యాడెడ్ షుగర్’ అన్నది తియ్యగా ఉందంటే 955 (సుక్రలోజ్) గానీ 960 (స్టీవియా) గానీ ఉందేమో వెతకండి. నేనైతే ప్లెయిన్ కప్పు కొని అందులో సపోటానో మామిడి ముక్కలో కలిపి పెట్టమని అమ్మలకి చెబుతాను.

అపోహ: ఇది మన పెరుగు కన్నా అన్నిట్లోనూ మేలు.

వాస్తవం: ప్రోటీన్‌లో మేలు. కాల్షియం మాత్రం కొంత ఆ తేటతోనే పోతుంది. పాలు పడనివాళ్లకి లాక్టోజ్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రోటీన్ ఎక్కువని దీన్ని సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టర్ని అడగండి.

అపోహ: ఇంట్లో చేయడం కుదరదు.

వాస్తవం: గట్టిగా తోడుకున్న పెరుగుని పల్చటి నూలు గుడ్డలో వేసి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. మన ఉక్కకి వంటింట్లో వేలాడదీస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది. బరువు సుమారు సగానికి తగ్గుతుంది. దిగిన తేటని పారబోయకండి, చపాతీ పిండి కలపడానికో మజ్జిగ చారులోకో వాడండి.

అపోహ: పైన నీళ్లు తేలితే పాడైనట్టే.

వాస్తవం: అది తేట, కలిపేసి తినొచ్చు. లేబుల్ మీద వేసిన గడువు చల్లగా ఉంచితేనే వర్తిస్తుంది, ఎంత చల్లగా అన్నది కూడా అక్కడే ఉంటుంది. మే నెలలో గాజువాకలో కొని స్కూటీ డిక్కీలో పడేసి, మధ్యలో నాలుగు పనులు చూసుకుని ఇంటికెళ్తే ఆ తేదీని నమ్ముకోవద్దు. షాపులో అన్నిటికన్నా చివర్లో కొనండి. మూత ఉబ్బినట్టు కనిపిస్తే తేదీ ఎంత దూరంగా ఉన్నా తీసుకోకండి.